దెయ్యం వినపడని హెడ్‌ఫోన్లు

ఆ స్టూడియోలో మెట్లు దిగి, కుడిచేతివైపు తిరిగి, నడవా చివరిదాకా వెళ్తే వచ్చే మిక్సింగ్ గదికి మంచిపేరు లేదు. రాత్రి తొమ్మిది దాటాక అందులో ఒంటరిగా కూర్చున్నవాళ్లెవరూ వెళ్లినమనిషి వెళ్లినట్టు బయటికి రాలేదట.

మొదటివాడు తెల్లారేసరికి తలంతా నెరిసిపోయి వచ్చాడు. అతనిది అంతకుముందు బట్టతల కదా అని అడిగేవాళ్లుంటారు— వాళ్లని పట్టించుకోకండి. రెండోవాడు ఇరవై రెండు మెట్లనీ ఒక్క గెంతులో దాటేశాడు. గెంతడం ఇక్కడ గెంతాడు, దిగడం వాళ్లమ్మ ఒళ్లో దిగాడు. మూడోవాడు చెవుల్లో దూది కుక్కుకున్నాడు. ఇవాళ్టికీ తియ్యలేదు. పెళ్లాం సోమవారం పిలిస్తే గురువారం పలుకుతాడు.

ముగ్గురూ చెప్పింది మాత్రం ఒక్కటే.

పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగి, గాయకుడూ ఆగి, ఒక నాలుగు క్షణాలు నిశ్శబ్దం వస్తుందే... అక్కడ. ఎవరో ఆడమనిషి... సన్నగా... కూనిరాగం తీస్తుంది.

గదిలో ఆడమనిషి లేదు. పాటలో ఆడగొంతు లేదు. పాడినాయన మగవాడు, అదీ మామూలు మగవాడు కాదు— నోరు తెరిస్తే నాలుగు వీధుల అవతల ఇళ్లలో గిన్నెలు వాటంతట అవే దొర్లేంత గొంతు.

ఆయన పన్నెండేళ్ల కిందట పాడి, ఎందుకో బయటికి రాకుండా మూలపడిపోయిన పాటలు పది. వాటిని ఇప్పుడు విడుదల చెయ్యాలని ఓనరు పట్టుబట్టాడు. విడుదల చెయ్యాలంటే ముందు మిక్సింగ్ జరగాలి. అదేం బ్రహ్మవిద్య కాదు. డ్రమ్ము ఒకచోట, గిటారు ఒకచోట, గొంతు ఒకచోట విడివిడిగా పట్టి ఉంచినవాటిని, ఎవరి కాలు ఎవరూ తొక్కకుండా ఒకే పాటలో సర్ది కూర్చోబెట్టడం. ఆ సర్దుబాటు కోసం కూర్చున్న ముగ్గురూ పారిపోయారు.

నాలుగోది మొండి.

ఆ పిల్ల అసలు పేరు వాళ్లమ్మకి కూడా కోపం ముదిరినప్పుడే గుర్తొచ్చేది. ఆరేళ్లుగా ఆ స్టూడియోలోనే వైర్లు చుట్టింది, మైకులు నిలబెట్టింది, వచ్చినవాళ్ల వెనక నిలబడి చూసి చూసి పని నేర్చుకుంది. ఆమె చుట్టిన వైర్లన్నీ కలిపితే చంద్రుడికి ఉయ్యాల కట్టొచ్చు. ఆ ఆరేళ్లూ ఆమె కన్ను ఒక్కదాని మీదే— మిక్సింగ్ గదిలోని కుర్చీ.

ఆ సాయంత్రం ఓనరు ఆమెని పిలిచి బల్ల మీద మూడు అట్టపెట్టెలు పెట్టాడు. మూడింట్లో మూడు రకాల హెడ్‌ఫోన్లు.

"చూడమ్మాయ్, దుకాణంవాడు రేపు పదింటిదాకా ఇచ్చాడు. ఇవాళ రాత్రి కూర్చుని మూడూ పెట్టుకుని చూడు. దెయ్యం వినపడనిది ఒకటి ఏరు."

"దెయ్యం వినపడనిదా?"

"ఆ. మిగతా రెండూ తిరిగిచ్చేస్తాను."

"సార్, మిక్సింగుకి హెడ్‌ఫోన్లు ఏరుకునేది ఉన్నదంతా వినపడటానికి. వినపడకుండా ఉండాలంటే ఇన్ని పెట్టెలెందుకు, దూది చాలదూ?"

"నీ నోరుందే..." అని ఓనరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్కమాట విను. రేపటికి ఆ గొంతు వినపడకుండా ఒక పాట పూర్తిచేసి చూపించు. కుర్చీ నీది. పది పాటలూ నీవే. నువ్వు కూడా వినపడిందన్నావో— ఆ గదిలో పాత కుర్చీలు పడేయించి తాళం వేయిస్తాను. నువ్వు మళ్లీ వైర్ల దగ్గరికి."

"పగలు కూర్చుంటానంటే?"

"పగలు పక్కగదిలో డబ్బింగు. గోడలు అదిరిపోతుంటాయి, దెయ్యానికే దాని గొంతు వినపడదు. రాత్రే."

మొండి మూడు పెట్టెలూ ఎత్తుకుంది. దారిలో అమ్మకి ఫోన్ చేసింది.

"భయమేస్తే వెంటనే ఫోన్ చెయ్యవే."

"నాకు భయమెయ్యదు గానీ, నన్ను చూసి దెయ్యానికి వేస్తే దానిచేత చేయిస్తాలే."

తొమ్మిదికి అందరూ వెళ్లిపోయారు. ఆఖరున వెళ్లింది వైర్ల బాబాయి. ఆ స్టూడియో కట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి— గోడలు తర్వాత లేచాయి, బాబాయి ముందు నిలబడి ఉన్నాడని అంటారు. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆయనొక్కడికే తెలుసు.

వెళ్తూ వెళ్తూ ఆయన పెట్టెల్లోకి తొంగి చూశాడు. మూడోదాన్ని చూడగానే ముఖం పాలిపోయింది.

"అమ్మాయ్... ఆ జల్లెడ రకం జోలికి పోకు."

"ఏం, కరుస్తుందా?"

"చెప్తే వినవు గదా..." అని బాబాయి గబగబా మెట్లెక్కేశాడు. ఆయన చెప్పులు ఆయన కంటే ముందే ఇల్లు చేరాయట.

తలుపు మూసింది మొండి. ఆ తలుపు మూస్తే బయటి లోకం తెగిపోతుంది. గోడలకి దళసరి మెత్తలు. చీమ నడుము వంచినా చప్పుడు వినపడేంత నిశ్శబ్దం. ఎదురుగా పెద్ద అద్దం, దాని అవతల పాడే గది— చీకటి.

పని మొదలుపెట్టింది. ఆమె పద్ధతి ఆమెది. మూడింట్లోనూ ఒకే పాట, మూడింట్లోనూ ఒకే మోత. ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే మంచిదనిపించే జబ్బు ప్రతి చెవికీ ఉంటుంది. ఒకటి తీసి ఇంకోటి పెట్టేముందు ఐదు నిమిషాలు చెవులకి విశ్రాంతి.

మొదటిది తలగడల్లాంటి మెత్తలతో ఉంది. డ్రమ్ము మోగగానే కడుపులో పేగులు లేచి నిలబడి దణ్ణం పెట్టాయి. గాయకుడి గొంతు పాకంలో ముంచి తీసినట్టుంది. నాలుగు క్షణాల నిశ్శబ్దం వచ్చింది... వెళ్లింది. ఏమీ లేదు.

ఓనరు చూస్తే ఎగిరి గంతేసేవాడు. మొండి మూతి విరిచింది. ఇందులో డ్రమ్ము మోత ఎక్కువని తగ్గిస్తే, బయట మామూలు స్పీకర్లో వినేవాడికి డ్రమ్ము బదులు అగ్గిపెట్టె వినపడుతుంది. ఎంత వికారంగా ఉన్నా అందంగా ఉన్నావనే అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడంలాంటిది.

కాగితం మీద రాసుకుంది— 'ముఖస్తుతి. వద్దు.'

రెండోది తలని పటకారులా పట్టుకుంది. అబద్ధం చెప్పదు, అలాగని అంతా చెప్పదు. పదిమంది వాయిద్యగాళ్లనీ ఒక లిఫ్టులో కుక్కినట్టుంది. నాలుగు క్షణాలు వచ్చాయి...

ఏదో ఉంది.

ఎక్కడో దూరంగా, గోడ అవతల గోడ, ఆ గోడ అవతల ఇంకో గోడ... దాని వెనక నుంచి. అంతలోనే డ్రమ్ము వచ్చి తొక్కేసింది.

మొండి ఏసీ ఆపేసింది. ఐదు నిమిషాలు కూర్చుంది. తర్వాత మూడో పెట్టె తెరిచింది.

దానికి పక్కలు మూసి లేవు. రెండు వైపులా సన్నటి జల్లెడ. తల మీద పెట్టుకుంటే పెట్టుకున్నట్టే లేదు. పాట మొదలవగానే— పైకప్పు ఎవరో ఎత్తేసినట్టయింది. ఎవరి చోట వాళ్లు కనపడుతున్నారు. గిటారు తీగమీద గోరు గీసుకోవడం, గాయకుడు పెదాలు తడుపుకోవడం, పన్నెండేళ్ల కిందట ఆయన గుటక వేసిన నీళ్లు చల్లగా ఉన్నాయని కూడా తెలిసిపోతోంది.

వాయిద్యాలు ఆగాయి. గాయకుడు ఆగాడు.

...

ఆడమనిషి. సన్నగా. కూనిరాగం.

మొండి చెయ్యి దానంతటదే వెళ్లి పాట ఆపేసింది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, మొదటి హెడ్‌ఫోన్లలోని డ్రమ్ము సిగ్గుపడి తలదించుకునేది.

అప్పుడు తట్టింది ఆమెకి అసలు సంగతి. జల్లెడ రకంలోంచి బయటి చప్పుళ్లు కూడా లోపలికొస్తాయి. అంటే ఆ గొంతు పాటలోది కాకపోవచ్చు.

గదిలోది కావచ్చు.

వెనక్కి తిరగాలంటే మెడ మొరాయించింది. అయినా తిరిగింది. సోఫా... ఖాళీ. తలుపు... మూసే ఉంది. అద్దం అవతల... చీకటి.

"ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి," అంది గట్టిగా. "నాకు తెల్లారేలోగా పనుంది."

ఎవరూ పలకలేదు.

మళ్లీ పాట పెట్టింది. అదే చోట, అదే గొంతు. ఆపింది. గొంతు ఆగింది. మళ్లీ పెట్టింది. మళ్లీ వచ్చింది. పదిసార్లు పెట్టి పదిసార్లు ఆపింది.

"గదిలో ఉన్నదానివైతే నేను పాట ఆపినా పాడాలిగా? ఆపితే ఆగుతావు, పెడితే పాడతావు. ఇంత చెప్పినమాట వినే దెయ్యాన్ని నేనెక్కడా చూళ్లేదు. మా ఇంట్లో మిక్సీ కూడా ఇంతగా మాట వినదు."

కుర్చీ ముందుకు జరుపుకుంది.

పాటలోదే అయితే ఎక్కడుందో తేల్చాలి. డ్రమ్ము ఒక్కటే విన్నది— లేదు. గిటారు... లేదు. వయొలిన్లు... లేవు. ఆఖరుకి గాయకుడి గొంతొక్కటే ఉంచి మిగతావన్నీ ఆపేసింది.

ఉంది. ఆయన గొంతు కిందే ఉంది. నాలుగు క్షణాల్లోనే కాదు, మొదటి మాట నుంచీ ఉంది. గిన్నెలు దొర్లించే ఆ గొంతు కింద, నేలమాళిగలో దీపంలాగా, ఆడగొంతు పాటంతా పాడుతోంది. అదీ ఆయన వెనక కాదు— ఆయన కంటే వెంట్రుకవాసి ముందు. ఆమె ఒక మెలిక తిప్పితే, ఆ వెంటనే ఆయన అదే మెలిక తిప్పుతున్నాడు.

"నువ్వు ఆయనకి పాఠం చెప్తున్నావు..." అంది మొండి నెమ్మదిగా.

లేచింది. పాడే గది తలుపు తోసింది. చీకట్లో తడుముకుంటూ దీపం వేస్తే అదీ గుడ్డిదీపమే. మైకు ముందు మేకుకి ఒక పాత హెడ్‌ఫోన్ల జత వేలాడుతోంది— గాయకుడు తల మీద పెట్టుకుని పాడినది.

చేత్తో తిప్పి చూసింది. పక్కలు మూసి లేవు. జల్లెడ.

దాన్ని మైకు దగ్గరగా తగిలించింది. గబగబా మిక్సింగ్ గదికొచ్చి, ఆ పాత హెడ్‌ఫోన్లలోకి వేరే పాట ఒకటి పంపింది. పాడే గది మైకు తెరిచి, ఇవతల కొత్త జల్లెడ చెవులకి పెట్టుకుని విన్నది.

వస్తోంది. పాత హెడ్‌ఫోన్లలోంచి కారిన పాట మైకులో పడి, సన్నగా, దెయ్యంలాగే వస్తోంది. గాయకుడి చెవిలో మోగినదంతా ఆయన నోటి ముందున్న మైకు కూడా విన్నదన్నమాట!

అరవబోయింది సంతోషంతో. అప్పుడే...

టప్... టప్...

ఆ మైకులోంచే. పాడే గదిలోంచి. ఎవరో నడుస్తున్నారు.

అద్దం అవతల గుడ్డిదీపం ముందు ఒక నీడ కదిలింది. చెవుల్లో, సరిగ్గా చెవుల మధ్యలో, ఎవరో గుసగుసగా అన్నారు—

"అమ్మాయ్... బతికున్నావా?"

మొండి కుర్చీతో సహా గుండ్రంగా మూడుసార్లు తిరిగింది. నాలుగోసారికి గొంతు గుర్తుపట్టింది.

"బాబాయ్! చంపేశావు కదా!"

"నిద్రపట్టలేదమ్మా," అన్నాడు వైర్ల బాబాయి లోపలికొచ్చి సోఫాలో కూలబడి. మేకు మీద ఖాళీ చోటు ఆయన చూసే వచ్చాడు. "కనిపెట్టేశావు."

"ఈ జల్లెడ పాడే గదిలో తగిలించిందెవరు? గాయకుడికి మూసి ఉన్న రకం ఇవ్వాలని నాలాంటి వైర్లు చుట్టుకునేదానికే తెలుసే!"

"నేనే. ఆ పెద్దాయన మూసిన రకం పెట్టుకుంటే చెవులు ఉడికిపోతున్నాయని విసిరికొట్టాడు. గాలాడేది కావాలన్నాడు. ఇచ్చాను."

"ఆ చెవుల్లో పాడిందెవరు?"

బాబాయి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ట్రాకమ్మ."

పెద్ద గాయకుడు వచ్చేలోగా పాటని ముందు ఒకరు పాడి ఉంచుతారు, ట్రాకు అంటారు దాన్ని, ఆయన అది చెవుల్లో వింటూ నేర్చుకుని పాడతాడు. ఆయన పాడటం అవగానే మొదటి గొంతు చెరిపేస్తారు. అలా పాడే పని ఆవిడది. పదేళ్లు పాడింది, పదేళ్లూ చెరిగిపోయింది. ఒకరోజు ఈ పది పాటల దగ్గర ఓనరుని అడిగిందట— ఆల్బం అట్ట మీద ఎక్కడో ఒక మూల నా పేరు కూడా వెయ్యండి సార్ అని. ఇక రావద్దన్నాడాయన. ఆ పేరు స్టూడియోలో ఎవరూ ఎత్తకూడదన్నాడు.

"అందుకే చచ్చి దెయ్యమైందా? ఈ గది దెయ్యం గురించి అందరూ చెప్పేది అదేగా, నూతిలో పడిందని ఒకడు, మెట్ల మీంచి పడిందని ఒకడు..."

"చావేంటి! రెండు వీధుల అవతలే ఉంటుంది. బట్టలు కుడుతుంది. కనపడకపోయేసరికి వీళ్లే తలా ఒక చావు కట్టబెట్టారు. ఓనరూ నమ్మాడు."

"నువ్వెందుకు చెప్పలేదు బాబాయ్?"

"పేరెత్తితే నా పని పోతుందని." ఆయన తలొంచుకున్నాడు. "పన్నెండేళ్లు భయపడ్డానమ్మా. దెయ్యానికి కాదు."

మొండి కాగితం తీసుకుంది. 'పాడినవారు' అని రాసి, గాయకుడి పేరు రాసి, దాని కింద చోటు వదిలింది.

"ఆవిడ అసలు పేరు చెప్పు."

బాబాయి అటూ ఇటూ చూసి, ఆఖరికి చెప్పాడు. మొండి పెద్ద అక్షరాలతో రాసింది. తర్వాత తెల్లారేదాకా ఆ జల్లెడలోనే విని పాట మొత్తం కలిపింది. ఆ కింది గొంతుని చెరపలేదు. కాస్త వెలుతురు పడేలా పైకి తెచ్చింది.

పొద్దున్న తొమ్మిదికి ఓనరు వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"ఏదమ్మాయ్, ఏది ఏరావు?"

"ఇది," అని మొండి జల్లెడ ఇచ్చింది. ఓనరు గుమ్మంలో నిలబడే చెవులకి పెట్టుకున్నాడు. నాలుగు క్షణాల చోటు వచ్చేసరికి ఆయన ముఖంలో ఉన్న రక్తమంతా మోకాళ్లలోకి దిగిపోయింది.

"వినపడుతోంది! దీంట్లోనే ఎక్కువ వినపడుతోంది! నేనేం చెప్పాను, నువ్వేం ఏరావు?"

"మిక్సింగుకి పనికొచ్చేది ఏరాను. మొదటిది మీకు నచ్చే అబద్ధాలు చెప్తుంది. ఇది చెప్పదు."

"అక్కడ కోసెయ్. ఆ నాలుగు క్షణాలూ కోసి పారెయ్!"

"కోస్తాను సార్. కానీ ఆయన పాడే ప్రతి మాట కిందా ఆవిడే ఉంది. ఆయన్ని కూడా కోసెయ్యనా?"

"ఆవిడ... ఎవరావిడ?"

"మీ వెనకున్నారు."

ఓనరు వెనక్కి తిరిగాడు. నడవాలో, మెడలో కొలతల టేపు వేసుకుని, ట్రాకమ్మ నిలబడి ఉంది. ఆ పక్కనే, తెల్లారగానే వెళ్లి ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చిన బాబాయి.

ఆ నిమిషం ఓనరు పెట్టిన కేకకి నాలుగు వీధుల్లో గిన్నెలు దొర్లాయి గానీ, పాపం, దాన్నెవరూ రికార్డు చెయ్యలేదు.

"నువ్వు... బతికే ఉన్నావా?"

"ఒక్కసారైనా కనుక్కుంటే తెలిసేది సార్," అంది ట్రాకమ్మ. "మీ ప్యాంటు పోయిన నెల పొట్టి చేసింది నేనే."

ఓనరు తన ప్యాంటు వంక చూసుకున్నాడు. అనుమానంగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఈ పేరు అట్ట మీద పడితే పది పాటలూ కలుపుతాను," అంది మొండి కాగితం చూపించి. "పడకపోతే తాళం వేసుకోండి. నేను వైర్లు చుట్టుకుంటాను. ఐదోవాణ్ణి తెచ్చుకోండి. వాడికీ ఆవిడే వినపడుతుంది. ఆ తర్వాతవాడికీ."

ఓనరు మొండి వంక, ట్రాకమ్మ వంక, బాబాయి వంక చూశాడు. బాబాయి ఈసారి తల దించుకోలేదు.

"...వేద్దాం," అన్నాడు ఓనరు. "ఆ జల్లెడే ఉంచండి. కుర్చీ నీదే. ఇక నన్ను ఈ గుమ్మం నుంచి వెళ్లనివ్వండి."

"ఒక్క నిమిషం ఆగండి సార్. పిన్నీ, నువ్వు రా. నీ గొంతు నువ్వు వినవా?"

ట్రాకమ్మ కుర్చీలో కూర్చుని, జల్లెడ పెట్టుకుని కళ్లు మూసుకుంది. పన్నెండేళ్ల తర్వాత తన గొంతు తాను వింటోంది. పెదాలు కదులుతున్నాయి.

"ఇది నేనే... ఇదిగో, ఈ మెలిక ఆయనకి ఎన్నిసార్లు పాడి చూపించానో... ఇక్కడా నేనే..."

ఉన్నట్టుండి పెదాలు ఆగిపోయాయి. కళ్లు తెరిచింది.

"పిల్లా. నాతో పాటు పాడేదెవరు?"

"ఎవరూ లేరు పిన్నీ. పైన ఆయన, కింద నువ్వు."

"నా కింద ఇంకొకరున్నారు." ఆమె గొంతు సన్నబడిపోయింది. "నాకంటే ముందు అందుకుంటోంది. నాకంటే... కొంచెం ముందు."

మొండి చటుక్కున జల్లెడ తీసుకుని పెట్టుకుంది. రాత్రంతా విన్న పాట. రాత్రంతా వినపడని గొంతు. ఇప్పుడు ట్రాకమ్మ చూపించాక దాగడం లేదు. ముసలి గొంతు. ఓపికగా, చంటిపిల్లకి నేర్పినట్టు నేర్పుతోంది.

"నువ్వు పాడేటప్పుడు నీకెవరు పాడి వినిపించారు పిన్నీ?"

"ఎవరూ లేరు. కాగితం చూసి పాడాను. ఆ గదిలో నేనొక్కదాన్నే. మీ బాబాయిని అడుగు."

బాబాయి తలూపాడు. ఊపిన తల ఊగుతూనే ఉంది. ఓనరు అప్పటికే నడవాలో లేడు.

కాళ్లు మొండిని పారిపొమ్మన్నాయి. ఆరేళ్ల తర్వాత దక్కిన కుర్చీ, అంత తేలిగ్గా వదులుతుందా? ట్రాకమ్మని లేవనివ్వకుండా ఇంకో కుర్చీ పక్కకి లాక్కుని కూర్చుంది. పాట ఆపేసింది. మోత పెంచే ఫేడరు మీటలన్నీ అడుగుకి దించేసింది. కాగితం ముందుకు జరుపుకుని, రెండు పేర్ల కింద మూడోదానికి చోటు చూసుకుని, కలం పట్టుకుంది.

"ఎవరైతే ఏంటమ్మా. మిమ్మల్ని కూడా చెరపను. పేరు చెప్పండి, రాసుకుంటాను."

పాట ఆగే ఉంది. మైకులన్నీ మూసే ఉన్నాయి.

జల్లెడలో ఎవరో... మాట్లాడబోయే ముందు పీల్చినట్టు... నిండుగా ఊపిరి పీల్చుకున్నారు.